మరమరాల డబ్బాలో నవల

మహాలయకి ముందు ఆదివారం కలకత్తా తెలుగు సంఘం వాళ్ళ దసరా సంచిక బయటికొచ్చింది. హాల్లో ముందు వరసల్లో బ్యాంకుల వాళ్ళూ, పోర్టు ఆఫీసర్లూ, వాళ్ళ ఇల్లాళ్ళూ కూర్చున్నారు. వెనక గోడవారగా అప్పాయమ్మ కూర్చుంది. కార్పొరేషన్‌లో వీధులు ఊడ్చి రిటైరైన మనిషి. తన సంగతి కోడలు రాస్తే అచ్చులో వేశారని తెలిసి, పెళ్ళిళ్ళకి కట్టే ఆకుపచ్చ చీర కట్టుకుని ఖిదిర్‌పూర్ క్వార్టర్ల నుంచి బస్సులో వచ్చింది.

పేరు పిలవగానే కోడలు పుష్పరాణి లేచి వెళ్ళింది. సంచిక తెరిచి తన పేజీ చదవబోయి, రెండో వాక్యం దగ్గర ఆగింది. మళ్ళీ చదివింది. ఒకనాటి పొద్దున్న అప్పాయమ్మ వీధి ఊడుస్తుంటే మేడమీది బాబు ఒకడు బకెట్టు నీళ్ళు కిందికి దిమ్మరించాడు. తడిసిపోయిన అప్పాయమ్మ తలెత్తి, “ఒరే బాబూ, పోసీ ముందర కిందకో సూపు సూడరాదేటి, కింద నానున్నాను గదా” అంది. పుష్పరాణి రాసింది అది. అచ్చులో ఇలా ఉంది: “ఏమిటయ్యా ఈ అన్యాయం? మేము మనుషులము కామా?” అని ఆ వృద్ధురాలు గద్గద స్వరంతో ప్రశ్నించింది.

పుష్పరాణి అచ్చులో ఉన్నది ఉన్నట్టు చదివి దిగివచ్చింది. ముందు వరసల వాళ్ళు చప్పట్లు కొట్టారు. సంచికకి ప్రూఫులు చూసిన నరసింహం మాస్టారు తృప్తిగా తలూపాడు.

తిరుగు బస్సులో అప్పాయమ్మ కిటికీ పక్కన కూర్చుంది. సంఘం వాళ్ళు పెట్టిన సింగాడా సమోసా తిన్న చేతిని కొంగుకి తుడుచుకుంటూ అడిగింది.

“ఎవులే ఆవిడ?”

“ఎవరత్తా?”

“అదే, నువ్వు సదివినావు గదా. నీల్లు పోస్తే మనుసులం కామా అని అడిగినావిడ. బాగానే అడిగింది. మన కోటర్ల లైన్లో అలగ మాటాడినోలు ఎవులున్నారా అని ఆలోచిస్తన్నాను.”

పుష్పరాణి సంచిక ఒళ్ళో బోర్లించి, దానిమీద చెయ్యి పెట్టుకుని, క్వార్టర్లు వచ్చేదాకా అలాగే కూర్చుంది.

పుష్పరాణి ఒక నవల మొదలుపెట్టింది. మొదలుపెట్టి చాలా కాలమైంది గాని మొదటి పేజీ దాటలేదు. పలాస పక్క పల్లె నుంచి కోడలిగా వచ్చి కార్పొరేషన్ చీపురు పట్టిన పైడమ్మ అనే మనిషి కథ అది. తలలో మొత్తం ఉంది. కాగితం మీదికి రాదు. ఆమె చదివింది బెంగాలీ బడి. తెలుగు అక్షరాలు పెళ్ళయిన తరవాత, ఆదివారాలు సంఘం హాల్లో నరసింహం మాస్టారి దగ్గర నేర్చుకుంది. ఆయన మంచివాడు. జీతం ముట్టని మనిషి. కాని ఆయన జేబులో ఎర్ర పెన్ను ఉండేది. ఇప్పుడాయన పక్కన లేకపోయినా, మాట రాయకముందే దానికింద ఎర్రగీత కనిపిస్తుంది. ‘ఇది గ్రామ్యమమ్మా’ అన్న గొంతు వినిపిస్తుంది. కొట్టేసి ఇంకో మాట వెతుక్కుంటుంది. వాక్యం చక్కబడేసరికి ఆ వాక్యంలో మాట్లాడుతున్న మనిషి నోరు మూసుకుని పక్కకి వెళ్ళిపోతుంది.

ఆ రాత్రి గురువులుతో ఒక మాట చెప్పింది. గురువులు ఆమె భర్త, కార్పొరేషన్ కాలువల డిపార్టుమెంటులో పని. దసరా తరవాతి లక్ష్మీపూజ వెళ్ళాక, ఇల్లిల్లూ తిరిగే హెల్త్ వర్కరు పనికి తోడు, క్లినిక్‌లో సాయంత్రం డ్యూటీ కూడా ఆమెకే వేశారు. అప్పుడిక ఊపిరాడదు. ఈ దుర్గాపూజ రోజుల్లో రాయగలిగితే రాస్తుంది, లేకపోతే ఇక ఆ ఊసెత్తదు. గురువులు బనీను విప్పి తీగ మీద వేస్తూ విన్నాడు. “నిన్నెవులు రాయొద్దన్నారు, నువ్వే కొట్టేసుకుంతన్నావు” అని పడుకున్నాడు.

సోమవారం వార్డు ఆఫీసులో సూపర్‌వైజరు మృత్యుంజయ దాదా కోసం కాచుకుని ఉండాల్సి వచ్చింది. డెంగ్యూ రోజులు. పొద్దుటి నుంచి ఇల్లిల్లూ తిరిగి పూలకుండీల కింద పళ్ళేలూ, ఫ్రిజ్జుల వెనక ట్రేలూ, డాబాల మీద టైర్లూ వంచి నీళ్ళు పారబోసి, గోడకి అట్ట ఆనించి నిలబడే వివరాలు రాసుకుని వచ్చింది. ఆ రాతంతా బెంగాలీలోనే. కాళ్ళు పీకుతున్నాయి. బెంచీ పక్కన పోయినేటి కరపత్రాల కట్టలు మూలపడి ఉన్నాయి. ఒకవైపు దోమ బొమ్మ, ఇంకోవైపు ఖాళీ. ఒకటి లాగి అట్ట మీద పెట్టుకుంది. నిన్నటి సంగతే రాసింది. మేడమీది బాబు, బకెట్టు, కింద పైడమ్మ. చీపురు దులిపి పైడమ్మ ఏమందో అదీ రాసింది. ఆ తరవాత బాబు తల్లి కిందికి దిగివచ్చి, తుడుచుకోమని పాత తువ్వాలొకటి విసిరితే, పైడమ్మ దాన్ని చీపురు కట్టకి చుట్టి ముడివేసుకున్న సంగతీ రాసింది. అలాంటిదేమీ జరగలేదు. చెయ్యి రాసుకుపోయింది.

మృత్యుంజయ దాదా ఎప్పుడొచ్చాడో, వెనకనుంచి వంగి చూస్తున్నాడు. ఒక లైను కూడబలుక్కుని పైకి చదివి, కళ్ళజోడు సవరించుకున్నాడు.

“ఇదేం భాష దీదీ? అక్షరాలు మావే. మాట ఒక్కటీ తెలీదు.”

పుష్పరాణి అప్పుడు చూసుకుంది. తెలుగు మాటలు బెంగాలీ అక్షరాల్లో దిగిపోయాయి. గోడకానించి బెంగాలీ రాసే అలవాటున చెయ్యి దాని దారిన అది పోయింది. కాగితం నిండిపోయింది. ఒక్క కొట్టివేత లేదు.

ఆమె ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. ఈ అక్షరాల్లో తెలుగు ఎలా రాయాలో ఎవరూ ఎవరికీ నేర్పలేదు. కాబట్టి తప్పన్నది లేదు. మాస్టారు కలకత్తాలో ఇన్నేళ్ళు గడిపినా బెంగాలీ మాట్లాడతాడు గాని చదవలేడు. దాదా చదవగలడు గాని అతనికి అర్థం కాదు. దీనికింద ఎర్రగీత గీయగల మనిషి ఈ ఊళ్ళో లేడు.

పాత కరపత్రాలు తీసుకుపోవచ్చా అని అడిగింది. చిత్తుకాగితాలకి పోయేవేనని దాదా అన్నాడు. ఎత్తగలిగినన్ని ఎత్తుకుంది.

క్వార్టరులో ఉన్నవి ఒక గదీ, వంటవసారా. వసారాలో గుమ్మానికి ఆనుకుని, మోకాళ్ళ మీద అట్ట పెట్టుకుని రాసేది. డ్యూటీ నుంచి వచ్చాక, అన్నం ఉడికేలోగా. పూజా సెలవులు వచ్చాక పొద్దుటి నుంచి. వీధి మొగలో పందిరి. అక్కడ ఢాక్ వాయిద్యాలు, మైకులో పాటలు. కూతురు సౌజన్య కాలేజీ స్నేహితురాళ్ళతో పందిళ్ళు చూడ్డానికి పోయేది. గురువులికి పండగ రోజుల్లోనూ డ్యూటీ. జనం తిరిగే రోడ్ల మీద నీళ్ళు నిలిస్తే ముందు అతన్నే పిలుస్తారు. వస్తూపోతూ ఒక చూపు చూసి, “ఊరంతా రోడ్డు మీదుంతే మా ఇంట్లో రైటరమ్మ గుమ్మానికడ్డం” అనేవాడు. అని, ఆమె కాళ్ళ మీదుగా దాటి టీ తనే పెట్టుకునేవాడు.

మొదటి రెండు రోజులూ మాస్టారి గొంతు వచ్చింది. ‘ఇది...’ అని మొదలుపెట్టి, అక్షరాలు తెలియక ఆగిపోయింది. తరవాత రావడం మానేసింది. కాని దాని వెనక ఇంకోటుంది. అది ఆమె సొంత గొంతే. దానికి ఏ అక్షరాలైనా వచ్చు. ‘నువ్వా నవల రాసేది? నిన్న రాసింది ఒకసారి చూసుకో, సిగ్గుపడతావు’ అంటుంది. సప్తమి నాడు ఆ గొంతు మాట విని వెనక కాగితాలు తీసి చూసింది. ఒకే సంగతి రెండుసార్లు రాసింది. ఒకచోట వాన, అదే రోజు ఇంకోచోట మండే ఎండ. పెన్ను మూత పెట్టేసి, ఊరికే గుమ్మంలో కూర్చుంది.

అప్పాయమ్మ ఎదురుగా కూర్చుని ఠోంగాలు చేస్తోంది. మరమరాల కొట్టువాడికి కాగితం పొట్లాలు అంటించి ఇవ్వడం ఆవిడకి అలవాటు. ఖాళీగా ఉంటే చేతులు పీకుతాయంటుంది. చిత్తుకాగితం మడిచి, అంచుకి మైదా జిగురు వేలితో రాసి, అరచేత్తో ఒక్కసారి అదిమి పక్కన పడేస్తుంది. ఎలా వచ్చిందో చూడదు. పుష్పరాణి ఆ చేతుల్నే చూస్తూ, వీధి ఊడ్చేటప్పుడు ఏం ఆలోచించేదానివత్తా అని అడిగింది.

“ఆలోచనేటి? ముందుకెల్లడమే. కొత్తలో నాను ఎనక్కి సూసీదాన్ని. ఊడిసినకాడ మల్లా ఆకులు రాలీవి, మల్లా ఎల్లి తీసీదాన్ని. మాతో పని సేయించీ సర్దారు తిట్టినాడు. సెట్టున్నంత కాలం ఆకు రాల్తాది, నువ్వు ఈది సివరికి రాకపోతే సెత్తలారీ నీకోసం నిలబడతాదేటి అని. సివరి దాకా పోయి, అక్కడ నిలబడి అప్పుడు తిరిగి సూడ్డమే.”

“అప్పుడు బాగుండేదా?”

“మొత్తం మీద బాగుండీది” అంది అప్పాయమ్మ, ఇంకో కాగితం మడుస్తూ.

పుష్పరాణి లేచి అటకమీంచి మరమరాల పాత డబ్బా దించింది. కొత్తది కొన్నాక అది వాడడం లేదు. ఉన్న కాగితాలన్నీ అందులో వేసి మూత బిగించింది. అప్పటి నుంచి ఒకవైపు నిండిన కాగితాన్ని చదవకుండా డబ్బాలో పడేసి, ఇంకోటి తిరగేయడమే. ఆ గొంతు మాట్లాడితే మాట్లాడనిచ్చింది. అది మాట్లాడేలోగా పైడమ్మ ఇంకో వీధి ఊడ్చేసేది. అష్టమి నాడు ఇంటి ముందు నుంచి భోగ్ ప్రసాదం కిచిడీకి రమ్మని ఎవరో పిలిస్తే, వస్తున్నానని చెప్పి వెళ్ళడం మరిచిపోయింది. పైడమ్మకి ఏమవుతుందో ఆమెకే ముందు తెలిసేది కాదు. రాసేటప్పుడు రెండుసార్లు గట్టిగా నవ్వింది. ఒకసారి పెన్ను పట్టుకునే ఏడ్చింది. అప్పాయమ్మ చూసి ఏమీ అనకుండా, జిగురుగిన్నె కొంచెం ఇవతలికి జరుపుకుంది.

దశమి పొద్దున్నే ఇంకో రెండు కాగితాలు నింపింది. ఇక ఒక్క అధ్యాయమే. డబ్బా దించే వేళ లేక వాటిని మడిచి చేతిసంచిలో పెట్టుకుంది. సాయంత్రం విజయదశమికి పెద్దవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి దణ్ణం పెట్టి రావాలి. అది ఇక్కడి పద్ధతి, క్వార్టర్ల వాళ్ళకీ అలవాటైపోయింది. కొబ్బరి ఉండలు టిఫిను డబ్బాలో సర్దుకుని నరసింహం మాస్టారింటికి వెళ్ళింది.

మాస్టారు ఒక ఉండ తుంచి నోట్లో వేసుకున్నాడు. సంచికలో ఆమె వ్యాసం అందరూ మెచ్చుకున్నారని చెప్పాడు. పుష్పరాణి నేలచూపులు చూస్తూ, మా అత్తే గుర్తుపట్టలేదండీ అంది. మాస్టారు నమలడం ఆపాడు. కళ్ళజోడు తీసి పంచెకొసతో చాలా సేపు తుడిచాడు.

“అలాగే అచ్చువేస్తే ముందు వరస వాళ్ళు నవ్వుతారమ్మా. నేను ఈ ఊరొచ్చిన కొత్తలో నోరు విప్పితే నవ్వేవారు. మన వాళ్ళని చూసి ఇంకెవరూ నవ్వకూడదనే దిద్దుతాను.”

ఆయనకీ ఒక ఊరుందనీ, ఆ ఊళ్ళో ఆయన ఒకప్పుడు ఏదో ఒకలా మాట్లాడి ఉంటాడనీ పుష్పరాణికి ఇంతవరకూ తట్టలేదు. మాస్టారే తేరుకుని నవల సంగతి అడిగాడు. ఒక్క అధ్యాయం మిగిలిందంటే ఆశ్చర్యపోయి, అలవాటుగా చెయ్యి చాపాడు.

“ఏదీ, తే. చూస్తాను.”

“అవనీండి మాస్టారూ. అయ్యాక మీకే తెస్తాను.”

ఆ మాట తన నోట అంత తేలిగ్గా వస్తుందని ఆమె అనుకోలేదు. మాస్టారు చాపిన చేత్తోనే ఇంకో కొబ్బరి ఉండ తీసుకుని, సరేనమ్మా, ముందు కానీ అన్నాడు.

ఇంటికొచ్చి తలుపు తోస్తే ఎవరూ లేరు. సంచిలోవి డబ్బాలో వేసేద్దామని దించింది. డబ్బా తేలిగ్గా ఉంది. మూత తీస్తే అడుగు కనిపించింది.

ఒక్క క్షణం వేరే డబ్బా దించాననుకుంది. అటకమీద ఇంకో డబ్బా లేదు. మంచం కింద చూసింది. సంచులు దులిపింది. అప్పుడామె చూపు గుమ్మం పక్కకి పోయింది. అప్పాయమ్మ పొద్దుట చేసిన ఠోంగాలు కట్టగా పేర్చి ఉన్నాయి. పై ఠోంగా మీద దోమ బొమ్మ ఉంది.

పుష్పరాణి అక్కడే చతికిలబడింది. అప్పాయమ్మకి చదువు రాదు. ఆవిడకి రాసిన కాగితమైనా ఒకటే, రాయని కాగితమైనా ఒకటే. కట్టలు మరమరాల కొట్టుకి రోజూ పోతూనే ఉన్నాయి. ఖిదిర్‌పూర్ సగం ఈ పండగలో పైడమ్మని మడతపెట్టి మరమరాలు తిని, రోడ్డు మీద పడేసి ఉంటుంది. వాటిని పొద్దున్నే ఎవరో ఊడ్చేసి ఉంటారు. మళ్ళీ రాయాలంటే ఏం రాసిందో ఆమెకి తెలియదు. వెనక్కి చూసుకోలేదు కదా.

పై ఠోంగా అంటు విప్పింది. తొందరలో కాగితం చిరిగింది. లోపల ఖాళీ. ఇంకోటి విప్పింది. ఖాళీ. ఒక్కొక్కటే విప్పుతూ పోయింది. అన్నీ రాయని కాగితాలే. ఆమె తెచ్చిన కట్టలో మిగిలినవి. విప్పిన ఠోంగాలు ఒళ్ళో పోసుకుని ఊపిరి పీల్చుకుంది. మరి రాసినవేవి?

అప్పుడు మెట్ల మీదుగా ఒక గొంతు వినిపించింది. చదువుతున్న గొంతు. సౌజన్యది.

డాబా మీదికి మెట్లెక్కి, నీళ్ళ ట్యాంకు వెనక ఆగింది. పొద్దు వాలింది గాని ఇంకా వెలుగుంది. దూరంగా విగ్రహాల లారీలు ఢాక్ మోతతో నదివైపు పోతున్నాయి. బోర్లించిన బకెట్టు మీద సౌజన్య కూర్చుంది. ఒళ్ళో కాగితాలు. చుట్టూ లైనులోని ఆడవాళ్ళు. పక్కింటి నూకరత్నం ఆరిన చీరలు భుజాన వేసుకుని, కిందికి పోబోతూ ఆగిపోయిన దానిలా నిలబడే ఉంది. అప్పాయమ్మ చాప మీద కాళ్ళు చాపుకుని, కళ్ళు మూసుకుని వింటోంది.

“‘సూడమ్మీ, ఈది నాది కాదు, సీపురు నాది కాదు, నడుం మాత్తరం నాది, అని పైడమ్మ టీ గ్లాసు కింద పెట్టి...’”

“ఆగాగు” అంది నూకరత్నం. “పైడమ్మ నిన్న సచ్చిపోనాది గదేటి? జొరమొచ్చి. నాను ఏడిసినాను కూడాను.”

సౌజన్య వెనక కాగితాలు తిరగేసింది. అవును, ఇక్కడ పోయింది అంది. మళ్ళీ ముందుకు తిప్పి, ఇక్కడేమో టీ తాగుతోంది అంది.

ఆడవాళ్ళు నవ్వారు. ట్యాంకు వెనక పుష్పరాణికి చెవులు వేడెక్కాయి. వానా ఎండా కలిసిపోవడం కాదు, నిండు మనిషిని చంపి మరిచిపోయింది. లోపలి ఆ గొంతు ఇప్పుడు మాట్లాడుతుందని కాచుకుంది. దానికంటే ముందు అప్పాయమ్మ కళ్ళు తెరవకుండానే మాట్లాడింది.

“తాగనియ్యండే. టీయే గదా.”

“అది కాదు పిన్నీ...”

“సచ్చినోలు లెగిసొచ్చి టీ తాగితే నీకేటి నొప్పి? నువ్వు సదువమ్మా.”

సౌజన్య చదివింది. మధ్యలో ఎక్కడో నూకరత్నం చీరల మూట కింద పెట్టేసి కూర్చుంది. కాసేపటికి, ఈ పైడమ్మ అచ్చం నీలాగే ఉన్నాది పిన్నీ అంది.

“నాలాగుండడమేటి. నానే” అంది అప్పాయమ్మ.

కాగితాలు అయిపోయాయి. సౌజన్య ఆఖరిది తిరగేసి దోమ బొమ్మ చూసి, డబ్బాలో ఇంతే ఉంది అంది. తరవాతేటయినాదని ఇద్దరు ముగ్గురు ఒక్కసారే అడిగారు. పుష్పరాణి ట్యాంకు వెనక నుంచి ఇవతలికొచ్చి, సంచిలోంచి మడిచిన రెండు కాగితాలు తీసి కూతురి చేతికిచ్చింది.

సౌజన్య లేచి నిలబడింది. మరమరాలుంటాయేమోనని పాత డబ్బా తీశాననీ, నువ్వు బజారుకెళ్ళినప్పుడల్లా చదువుతూ మూడు రోజులైందనీ, పుట అటూ ఇటూ కాకుండా సర్దే పెడదామనుకున్నాననీ గబగబా చెప్పింది. ఆదివారం తెలుగు క్లాసుకి ఎంత బతిమాలినా వెళ్ళని పిల్ల.

“తెలుగులో ఇంత పెద్దది నేనెప్పుడూ చదవలేదమ్మా. ముందు తెలుగో కాదో కూడా తెలీలేదు. పైకి చదివితే మామ్మ నవ్వింది. అప్పుడు తెలిసింది.”

పుష్పరాణి ఆ కాగితాల వంక చూసింది. ఎవరూ చదవలేరని నమ్మి రాసిన రాత. ఈ అక్షరాలు రాని పిల్ల ఈ లైన్లో లేదు. ఈ మాటలు రాని తల్లి లేదు. ఇన్నాళ్ళూ ఆమె దాక్కున్నది అందరూ కూర్చున్న గదిలో. ఆ సంగతి తెలిసినందుకు భయం వేయాలి. వేయలేదు. బరువు దించిన భుజంలా ఒళ్ళు ఒక్కసారి పైకి తేలినట్టయింది.

రెండు కాగితాలూ ఇట్టే అయిపోయాయి. మిగతాది రేపు కావాలని నూకరత్నం అంది. రాయకుండా రేపెక్కడి నుంచొస్తాదని ఇంకొకావిడ దెప్పింది. పుష్పరాణి కిందికి దిగబోతుంటే అప్పాయమ్మ కళ్ళు తెరిచి వెనకనుంచి పిలిచింది.

“ఒలే పుష్పా. ఆ ముసిల్దాన్ని మల్లా సంపీకు.”

“చంపనులే అత్తా” అంది పుష్పరాణి మెట్ల మీదినుంచే.

చివరి అధ్యాయానికి ఆమె అనుకున్నది పైడమ్మ చావొక్కటే. ఇంకేమీ అనుకోలేదు. వసారాలో గుమ్మానికి ఆనుకుని కూర్చుని, ఠోంగా విప్పిన కాగితమొకటి మోకాలి మీద చదును చేసి, ఏం రాయాలో తెలియకుండానే మొదలుపెట్టింది.